ఊరి పిల్లల చేతికి ఒక చిన్న నిధి: పెట్టడం, నడపడం ఎలా

పూర్వ విద్యార్థులు కలుసుకున్నప్పుడల్లా చదువుకున్న బడికి ఏదైనా చేయాలన్న మాట వస్తుంది. ఆ మాట చాలాసార్లు బెంచీలు, ఫ్యాన్లు, మంచినీటి ప్లాంటు, పదో తరగతిలో మొదటి స్థానం వచ్చినవారికి నగదు బహుమతి అనే నాలుగింటి చుట్టూ తిరిగి అక్కడే ఆగుతుంది. అవన్నీ అవసరమైనవే గాని, వాటిలో పిల్లలు వరుసలో నిలబడి అందుకునేవారే తప్ప చేసేవారు కారు. ఈ వ్యాసం మరో పద్ధతి గురించి. ఏటా కొంత సొమ్ము పక్కన పెడితే, ఊరికి పనికొచ్చే చిన్న పనులను పిల్లలే జట్లుగా ప్రతిపాదిస్తారు. ఏ ప్రతిపాదనకు సొమ్ము ఇవ్వాలో మరికొందరు పిల్లలు నిర్ణయిస్తారు. పని చేసినవారు ఊరి ముందు లెక్క అప్పజెప్పుతారు. మా ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఆరేళ్లుగా ఇటువంటి నిధిని నడుపుతున్నాము. కింద రాసినదానిలో అధిక భాగం ఆ అనుభవం నుంచి వచ్చినది, మిగిలినది చట్టం చెప్పేది.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. నడవడిక నేర్పుతామని బోర్డు పెట్టి పిల్లలను పిలిస్తే ఉపన్యాసం వినడానికి వచ్చినట్టు వస్తారు, విన్నట్టు తలలూపి వెళతారు. పరుల సొమ్ము ఐదు వేలు చేతిలో ఉండగా ఏం చేశారో పదిమందికీ చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్లలే వేరుగా ప్రవర్తిస్తారు. అందువల్ల ఈ నిధి నియమాలన్నీ రెండు విషయాల చుట్టూ అల్లుకోవాలి: నిర్ణయం నిజంగా పిల్లలదై ఉండాలి, లెక్క నిజంగా బహిరంగంగా జరగాలి. ఈ రెంటిలో ఏది నాటకమైనా పిల్లలు వారం తిరగకుండా పసిగడతారు.

ఎంత సొమ్ము, ఎవరి పేరున

మా నిధి ఏడాదికి 60,000 రూపాయలు. నలభై మంది నెలకు 125 రూపాయల చొప్పున ఇస్తారు. ఒక్కరే పెద్ద మొత్తం ఇస్తామని ముందుకొచ్చినా మేము ఒప్పుకోలేదు. ఒకరి సొమ్ముతో నడిచే నిధికి ఆ ఒకరి పేరే మిగులుతుంది, ఆయనకు విసుగు పుట్టిననాడు అది ఆగిపోతుంది. అందులో 48,000 పిల్లల పనులకు, మిగిలిన 12,000 పుస్తకాలు, ప్రయాణాలు, సమావేశాల రోజు తిండి, అనుకోని అవసరాలకు కేటాయిస్తాము. ఒక జట్టుకు గరిష్ఠ పరిమితి 5,000 రూపాయలు. పోయినా సంఘం కుంగిపోనంత చిన్న మొత్తం, తొమ్మిదో తరగతి పిల్లకు నిద్రపట్టనంత పెద్ద మొత్తం ఏదో చూసుకుని మీ ఊరి పరిమితి నిర్ణయించుకోవాలి. మొదటి ఏడాది కొత్త ఉత్సాహంలో పరిమితిని పెంచాలనిపిస్తుంది, పెంచవద్దు.

సొమ్ము ఎవరి వ్యక్తిగత ఖాతాలోనూ ఉండకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆ సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే సొమ్ము కదిలేలా తీర్మానం రాసి ఇవ్వాలి. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. కాబట్టి దుకాణంతో, ఆటోవాలాతో, పందిరి వేసేవానితో జరిగే బేరం పిల్లలు మాట్లాడినా, కాగితం మీద సంతకం సంఘానిదే కావాలి. ఈ సంగతిని పిల్లలకు దాచకుండా చెప్పండి. చట్టం తమను ఎందుకు కాపాడుతోందో తెలిసిన పిల్లవాడు పెద్దల సంతకాన్ని అవమానంగా తీసుకోడు.

దాతలకు 80జి అని అందరూ పిలిచే పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ వద్ద వేరుగా నమోదు కావాలి. ఆ నమోదు ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు గనుక మొదటి రోజు నుంచే బ్యాంకు ద్వారా తీసుకునే అలవాటు మంచిది. ఇక ప్రవాసుల సొమ్ము విషయంలో మన ఊళ్లలో తెలియక చేసే పొరపాట్లు ఎక్కువ. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ భారత పాస్‌పోర్టు కలిగినవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారి దగ్గర ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్న మరొక సంస్థ తీసుకుని మనకు బదిలీ చేసే దారిని కూడా 2020లో వచ్చిన సవరణ మూసివేసింది. మా సహాధ్యాయి ఒకరు డాలస్ నుంచి పంపబోయిన మొత్తాన్ని మేము ఈ కారణంతోనే వద్దన్నాము. ఆయన నొచ్చుకున్నారు, తరువాత అర్థం చేసుకున్నారు, ఇప్పుడు ఏటా వీడియో కాల్‌లో వచ్చి పిల్లలకు బడ్జెట్ వేయడం నేర్పుతున్నారు.

నిర్ణయించే పిల్లలు

పిల్లల చేతికే నిధి నిర్ణయాలు ఇవ్వడం కొత్త సంగతి కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కెల్లాగ్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో, స్థానిక సామాజిక నిధి సంస్థల పరిధిలో యువ సలహా మండళ్లు ఏర్పడి, తమ ప్రాంతంలో ఏ పనికి ఎంత ఇవ్వాలో 1990ల నుంచి హైస్కూలు వయసువారే తేల్చుతున్నారు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. పొదుపు సంఘంలో ఉన్న ఏ అమ్మనడిగినా పంచసూత్రాలు చెబుతుంది: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. పిల్లల కమిటీకి శిక్షణ ఇవ్వడానికి మేము పట్టణం నుంచి ఎవరినీ పిలిపించలేదు. ఊళ్లో పదిహేనేళ్లుగా తీర్మానాల పుస్తకం రాస్తున్న ఒక సంఘ నాయకురాలిని రెండు ఆదివారాలు రమ్మన్నాము. హాజరు ఎలా తీసుకోవాలో, తీర్మానం కింద ఖాళీ వదలకుండా గీత ఎందుకు కొట్టాలో, కొట్టివేత పక్కన పొట్టి సంతకం ఎందుకు పెట్టాలో ఆమె చెప్పినంత తేలికగా మాలో ఎవరమూ చెప్పలేకపోయేవాళ్లము.

కమిటీలో ఏడుగురు చాలు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఉన్నవారిని తీసుకోవాలి, కనీసం నలుగురు ఆడపిల్లలు ఉండాలి, ఊళ్లో ఎన్ని వాడలు ఉంటే వీలైనంతవరకు అన్ని వాడల నుంచీ ఉండాలి. ఎంపికను ఉపాధ్యాయులకే వదిలితే తరగతిలో మొదటి ఏడుగురు వస్తారు; అది వారి తప్పు కాదు, వారికి కనబడేది మార్కులే. మేము తరగతివారీగా ఓటు చీటీలు వేయించి సగం మందిని, పేరు ఇచ్చినవారిలో లాటరీ తీసి మిగతా సగం మందిని ఎంచుతాము. లాటరీలో వచ్చిన ఒక అబ్బాయి, బడికి సరిగా రాడని పేరున్నవాడు, మా కమిటీ చూసిన కోశాధికారులందరిలోకీ కచ్చితమైనవాడు. పదవీకాలం రెండేళ్లు, ఏటా సగం మంది మారాలి. తమ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సభ్యులు గది బయటకు వెళ్లాలి, వెళ్లినట్టు పుస్తకంలో రాయాలి.

ఇద్దరు పెద్దలు కూర్చుంటారు గాని వారికి ఓటు ఉండదు. పిల్లల ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, చట్టానికి విరుద్ధమైనప్పుడు, పార్టీకో మతానికో ప్రచారమైనప్పుడు మాత్రమే ‘ఆగండి’ అనే హక్కు వారికి ఉంటుంది. దీన్ని పాటించడం పెద్దలకు చాలా కష్టం. మొదటి సమావేశంలో నేను గంటలో పదకొండుసార్లు అడ్డు తగిలానని ఒక పాప లెక్కపెట్టి మరీ చెప్పింది. ఆ సంఖ్య కూడా మినిట్స్‌లో ఉంది. సమావేశం ఆదివారం ఉదయమే పెట్టాలి. సాయంత్రం పెడితే ఆడపిల్లల హాజరు పడిపోతుంది.

దరఖాస్తు, ఎదురు ప్రశ్న

దరఖాస్తు ఒక్క పేజీ, చేతిరాతతో, తెలుగులో. కంప్యూటరులో కొట్టించినది తీసుకోకూడదు, ఎందుకంటే అది ఎవరో ఒక అన్నయ్య రాసినదై ఉంటుంది. అడగవలసినవి కొన్నే. మీరు చూసిన ఇబ్బంది ఏమిటి, అది ఎవరిది? వారిని అడిగారా, ఏమన్నారు? మీ చేతులతో మీరు చేసే పని ఎంత, డబ్బుతో కొనేది ఎంత? కొనేవాటికి రెండు దుకాణాల్లో ధర ఎంత చెప్పారు? ఏ రోజు ఎవరు ఉంటారు? చివరి ప్రశ్న ముఖ్యమైనది: అనుకున్నట్టు జరగకపోతే ఏం చేస్తారు? జట్టులో నలుగురికి తగ్గకూడదు.

కమిటీ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతామని 4,800 రూపాయలకు దరఖాస్తు ఇచ్చారు. ఆరు కుండలకు 1,500, తాటాకు పందిరికి 1,800, స్టీలు గ్లాసులు, పొడవు కాడ గరిటెకు 600, ఫ్లెక్సీకి 900. కమిటీలోని ఇంటర్ అబ్బాయి ఒక్కటే అడిగాడు: ‘నలభై ఐదు రోజులు కుండలు ఎవరు నింపుతారు?’ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏప్రిల్‌లో వారికే పరీక్షలు, ఆ తరువాత ఇద్దరు అమ్మమ్మగారి ఊళ్లకు వెళతారు. కమిటీ కాదనలేదు, ఔననలేదు, వారం గడువిచ్చింది. వారం తరువాత వారు పదకొండు పేర్లతో వంతుల పట్టిక తెచ్చారు. మధ్యాహ్నం పూట తాను చూసుకుంటానని టీ కొట్టు ఆయన వేలిముద్ర వేసిన కాగితం తెచ్చారు. ఫ్లెక్సీ తీసేశారు. మూతలకు, ఇసుకకు, తడిపి చుట్టే గోనెసంచులకు 400 కలిపారు. మొత్తం 4,300 అయింది, మంజూరైంది.

ఫ్లెక్సీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర ఏ మంచి పని మొదలైనా ముందు కూడలిలో లేచేది ఫ్లెక్సీ, అందులో పని కంటే పెద్దవిగా కనిపించేవి ముఖాలు. నిధి సొమ్ముతో ఫ్లెక్సీ, శాలువా, జ్ఞాపిక కొనరాదని నియమావళిలోనే రాయండి. మా నియమాల్లో ఎక్కువ వాదన జరిగినది దీనిమీదే, ఒక్కసారి కూడా సడలించనిది కూడా ఇదే.

తిరస్కరించడం నేర్పడం మంజూరు చేయడం కంటే కష్టం. ‘నిధులు లేవు’ అని తప్పించుకోనివ్వకుండా, ఎందుకు ఇవ్వలేదో మూడు వాక్యాల్లో కమిటీ సభ్యులే రాసి, స్వయంగా వెళ్లి చెప్పాలి. పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడికి కాదని చెప్పి, మర్నాడు అతనితో కలిసి అన్నం తినగలగడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

సొమ్ము విడుదల

మొదటి ఏడాది మేము చేసిన తప్పు ఇక్కడే. ఒక జట్టు క్రికెట్ పోటీలకు అడిగిన మొత్తమంతా ఒకేసారి నగదుగా ఇచ్చేశాము. పోటీలు జరిగాయి, భోజనాలు జరిగాయి, చివరికి ఒకే దుకాణం నుంచి అంకెలు రాయని ఖాళీ బిల్లులు మూడు వచ్చాయి. ఆ కుర్రవాళ్లు దొంగలు కారు. ఖర్చు ముందు, కాగితం తరువాత అనే పద్ధతి ఊరంతా ఎలా నడుస్తోందో అలాగే నడిచారు. తప్పు ఆ పద్ధతికి వీలిచ్చిన మాది.

అప్పటినుంచి రెండు విడతలు. అరవై శాతం ముందు, మొదటి విడత బిల్లులు చూపిన తరువాత నలభై శాతం. చలివేంద్రం లెక్కలో అవి 2,580, 1,720 అయ్యాయి. పెద్ద కొనుగోళ్లకు సంఘం ఖాతా నుంచి దుకాణదారుకే నేరుగా చెల్లించాలి. పిల్లల చేతికి ఒకసారికి 500 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు. బిల్లు దొరకని ఆటో కిరాయి, కూలి వంటి ఖర్చులకు తేదీ, మొత్తం, కారణం రాసిన ఓచరు మీద ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, చూసినవారు ముగ్గురూ సంతకం చేయాలి. నగదు పుస్తకం రోజువారీగా, పెన్నుతోనే రాయాలి. ఫోనులో రాసుకుంటామంటే రాసుకోనివ్వండి గాని, లెక్క కింద ఒప్పుకునేది పుస్తకాన్నే.

పిల్లల భద్రత

ఇది క్లుప్తమైనా తప్పనిసరి. ప్రతి పనికీ తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. బావులు, చెరువులు, కరెంటు స్తంభాలు, హైవే అంచుల దగ్గర పని ఉన్న ప్రతిపాదనలను ఎంత మంచివైనా తోసిపుచ్చాలి. ఏ పెద్దవారూ ఒక పిల్లతోనో పిల్లవాడితోనో ఒంటరిగా ఉండకూడదనే నియమం పెద్దలందరికీ, నాతో సహా, వర్తిస్తుంది. లైంగిక వేధింపుల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం కింద, అటువంటిది జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. సంఘం పరువు పేరుతో లోపల సర్దుబాటు చేయడం నేరం. ఆపదలో ఉన్న పిల్లల కోసం పనిచేసే 1098 సహాయ ఫోను నంబరును దరఖాస్తు వెనుకవైపు అచ్చు వేయించాము.

లెక్క చెప్పే రోజు

మేము ఏడాదికి రెండుసార్లు లెక్క చెప్పిస్తాము. వేసవి పనుల లెక్క ఆగస్టు 15న జెండా వందనం తరువాత బడి ఆవరణలో. శీతాకాలపు పనుల లెక్క కనుమ రోజు ఉదయం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి హైదరాబాదు, బెంగుళూరుల నుంచి పండక్కి వచ్చిన దాతలందరూ ఆ రోజు ఊళ్లోనే ఉంటారు, తప్పించుకోవడానికి వారికీ వీలుండదు. ప్రతి జట్టుకూ పది నిమిషాలు. వచ్చినదెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత, ఏది అనుకున్నట్టు జరగలేదు. చార్టు మీద రాసిన లెక్కను నెల రోజుల పాటు పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉంచాలి.

చలివేంద్రం పిల్లలు ఆ ఆగస్టులో 260 రూపాయలు తిరిగి ఇచ్చారు. ఆరు కుండల్లో రెండు పగిలాయని, ఒకటి మేక పొడిచినందువల్ల, రెండోది కుదురు లేకుండా బండ మీద దించినందువల్ల అని చదివారు. నలభై ఐదు రోజులన్నాము, నలభై మూడు రోజులే నడిపాము, ఆ రెండు రోజులూ వంతు ఎవరిదో పేరు చెప్పము, జట్టంతటిదీ అనుకోండి అన్నారు. పేరు చెప్పాలా వద్దా అని వారిలో వారు రెండు రోజులు వాదించుకున్నారని తరువాత తెలిసింది. సభలో వెనుక నుంచి ఒక పెద్దాయన ‘పంచాయతీ లెక్క కూడా ఇలా చదివితే బాగుండు’ అన్నారు. సర్పంచి గారు నవ్వి ఊరుకున్నారు.

విఫలమైన పనికి శిక్ష ఉండకూడదు, దాచిన వైఫల్యానికి ఉండాలి. పుస్తకాల అల్మారా పెట్టిన ఒక జట్టు, ఏడాదిలో తొమ్మిది పుస్తకాలే బయటకు వెళ్లాయని, తాళంచెవి తమ దగ్గరే ఉండిపోవడమే కారణమని చెప్పింది. కమిటీ వారికి మరుసటి ఏడాది మళ్లీ సొమ్ము ఇచ్చింది. ఈసారి తాళం లేని అల్మారాకు. లెక్క చెప్పడానికి రాని జట్టులోని వారు మాత్రం రెండేళ్లపాటు దరఖాస్తు చేయరాదు.

పిల్లల్లో వచ్చిన మార్పును ఎలా కొలుస్తారని దాతలు తప్పక అడుగుతారు. శీలానికి మార్కులు వేయకండి, ‘ఉత్తమ నడవడిక’ పత్రాలు పంచకండి. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలని ఉంది. గంటలను లెక్కపెట్టవచ్చు, మనసును లెక్కపెట్టలేము. మేము ఒక నోటుపుస్తకంలో మూడే గమనిస్తాము: మిగిలిన సొమ్ము అడగకముందే తిరిగి వచ్చిందా, ఆలస్యమవుతుందని గడువుకు ముందే చెప్పారా, తప్పును చెప్పేటప్పుడు ‘నేను’, ‘మేము’ అన్నారా లేక ‘వాడు’ అన్నారా. దాతలకు ఆ పుస్తకాన్ని పేర్లు లేకుండా చదివి వినిపిస్తాము.

పెద్ద సొమ్ము కోసం వెళ్లేటప్పుడు

నాలుగైదేళ్లు గడిచాక కంపెనీల సామాజిక బాధ్యతా (సీఎస్ఆర్) నిధుల ఆలోచన వస్తుంది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం ఇటువంటి పనులకు ఖర్చు చేయాలి. అయితే ఆ సొమ్ముతో పని చేయదలచిన బయటి సంస్థకు పన్ను శాఖ నమోదులు, 2021 ఏప్రిల్ నుంచి అమలైన, కంపెనీల వ్యవహారాల శాఖ వద్ద చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. అంటే మొదటి రోజు నుంచి మీ పిల్లలు రాసిన నగదు పుస్తకాలు, తీర్మానాల పుస్తకాలు, ఓచర్ల కట్టలు అప్పుడు పనికొస్తాయి. కంపెనీవారు ఫొటోలు, బ్యానర్లు, ఏడాదిలో ఇన్ని వందల మంది లబ్ధిదారులు అనే లెక్క అడుగుతారు. పిల్లల నిర్ణయాధికారం తగ్గించే షరతు దేనికీ ఒప్పుకోకండి. అటువంటి సొమ్ము బడి భవనానికి అడగండి, ఈ నిధికి వద్దు.

మొదలుపెట్టేవారు జూన్‌లో బడులు తెరిచిన వెంటనే సంఘం, ఖాతా పనులు చూసుకుని, ఆగస్టులో కమిటీని ఎంచి, దసరా సెలవులకు ముందు దరఖాస్తులు పిలవడం మేలు. మొదటి విడతలో నాలుగు పనులకు మించి ఇవ్వకండి. దరఖాస్తులు రెండే వచ్చినా గాభరా పడవద్దు. మాకు మొదట వచ్చినవి మూడు, అందులో ఒకటి వాలీబాల్ నెట్టు కోసం. కనుమ నాడు ఆ మూడింటి లెక్క విన్న తరువాత ఫిబ్రవరిలో పదిహేడు వచ్చాయి.